బరువైన బండ్లు – పాత రూపు, కొత్త యంత్రం

వీధిలో బుల్లెట్ వస్తుంటే బండి కంటికి కనబడకముందే దాని చప్పుడు చెవికి తెలుస్తుంది. మద్రాసు పక్కనున్న తిరువొత్తియూరులో 1956లో ఆ బండి తయారీ మొదలైంది. అప్పటి నుండి ఇప్పటి దాకా దాని ఇంజను చాలా మారింది. నూనె కారడం తగ్గింది, కిక్కు కొట్టే శ్రమ పోయింది. అయినా కొనడానికి వచ్చినవారిలో చాలామంది ముందుగా ఆలకించేది దాని చప్పుడునే. యంత్రం బాగుపడినప్పుడు చప్పుడు మారితే నష్టమేమిటి? మనిషి పాత చప్పుడునే ఎందుకు కోరుకుంటాడు?

ఈ ప్రశ్న బుల్లెట్ కంటె చాలా పెద్ద బండ్ల విషయంలో ఇంకా పెద్దదై కూర్చుంది. అవి అమెరికా రహదారుల మీద దూరప్రయాణాలకు వాడే బరువైన మోటారు సైకిళ్ళు. ఆ దేశంలో తూర్పు తీరం నుండి పడమటి తీరానికి పోవాలంటే సుమారు నాలుగున్నర వేల కిలోమీటర్ల దారి. ఎదురుగాలిని తప్పించే కవచం, వెనుక పెట్టెలు – అన్నీ కలిపి ఈ బండ్లు నాలుగు వందల కిలోల దగ్గర తూగుతాయి. అంటే బుల్లెట్‌కు రెండింతలు. ఇంజను మాత్రం 350 సి.సి. బుల్లెట్‌కు ఐదింతలు. ఇటువంటి బండి తయారుచేసేవాడికి రెండు దారులున్నాయి: జనం మెచ్చిన పాత రూపును పట్టుకొని ఉండడం, లేదా ఉన్నదంతా పక్కన పెట్టి కొత్తగా ఆలోచించడం. ఈ రెండు దారులకు రెండు పేర్లు చెప్పవచ్చు: హార్లే డేవిడ్‌సన్, హోండా గోల్డ్ వింగ్.

హార్లే డేవిడ్‌సన్ సంస్థ అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1903లో మొదలైంది. 1909లో తొలిసారి రెండు సిలిండర్ల ఇంజను గల బండి చేసింది. ఆ సిలిండర్లు ‘వి’ అనే ఆంగ్లాక్షరం ఆకారంలో నిలబడి ఉంటాయి. నడుమ కోణం 45 డిగ్రీలు. ఇది అందం కోసం పుట్టిన ఆకారం కాదు. ఆనాటి మోటారు సైకిలు చట్రం దాదాపు మామూలు సైకిలు చట్రమే. దాని నడిమి ఇరుకు జాగాలో రెండు సిలిండర్లు ఇమడాలంటే ఒకదాని వెనుక ఒకటి వాలుగా నిలపడం తేలికైన ఉపాయం. ఈనాడు సంప్రదాయం అని పిలిచేది ఆనాడు అవసరానికి తోచిన యుక్తి మాత్రమే.

ఇక చప్పుడు సంగతి. ఈ ఇంజనులో ఒక్కొక్క సిలిండరులో ఇంధనం రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. రెండు చుట్లంటే 720 డిగ్రీలు. రెండు సిలిండర్లు సమానంగా వంతులు పంచుకుంటే 360 డిగ్రీలకు ఒక పేలుడు రావాలి. కాని హార్లే ఇంజనులో రెండు పిస్టన్ల కడ్డీలూ ఒకే క్రాంకు పిన్నుకు తగిలించి ఉంటాయి. అందువల్ల ఒక పేలుడు తర్వాత రెండవది 315 డిగ్రీలకే వస్తుంది. దాని తర్వాతి పేలుడుకు 405 డిగ్రీలు ఆగాలి. (రెండూ కూడి చూడండి.) ఒక అడుగు పొట్టిగా, ఒక అడుగు పొడుగ్గా వేసే మనిషి నడకలా ఉంటుంది ఆ దరువు. ఇంజనీరు చెవికి ఇది లోపం. కొనేవాడి చెవికి ఇదే సంగీతం. ఈ చప్పుడును తన వ్యాపార చిహ్నంగా నమోదు చేయమని ఆ సంస్థ 1994లో అమెరికా ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టింది! పోటీ సంస్థలు అభ్యంతరం చెప్పాయి. చివరకు 2000లో ఆ దరఖాస్తును వెనక్కు తీసుకుంది.

అలాగని హార్లేవారు మొదటి నుండి మార్పుకు భయపడ్డారని అనుకోకూడదు. 1949లో ముందు చక్రానికి నూనెతో పనిచేసే ఫోర్కు పెట్టారు. 1958లో వెనుక చక్రానికి స్ప్రింగులు వచ్చాయి. 1965లో సెల్ఫ్ స్టార్టరు వచ్చింది. ఎలక్ట్రా గ్లైడ్ అన్న పేరు అందువల్ల వచ్చిందే. మార్పు ఆగింది ఆ తర్వాతనే. 1969లో సంస్థ ఎ.ఎం.ఎఫ్. అనే పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది. బండ్ల సంఖ్య పెరిగింది, పనితనం తగ్గింది. గాలి తాకిడితో చల్లారే ఇంజనులో వెనుక సిలిండరు ముందుదాని చాటున ఉండి వేడెక్కుతుంది. దానికి తోడు అదురు, నూనె కారడం.

సరిగ్గా ఆ రోజులలో, 1975లో, జపానుకు చెందిన హోండా సంస్థ గోల్డ్ వింగ్ బండిని విడుదల చేసింది. దాని 999 సి.సి. ఇంజనులో నాలుగు సిలిండర్లు, ఇరుపక్కలా రెండేసి చొప్పున అడ్డంగా పడుకొని ఉంటాయి. ఒక పక్క పిస్టను బయటికి పోతుంటే ఎదుటి పక్కది కూడా బయటికి పోతుంది గనుక ఒకదాని అదురును మరొకటి మింగేస్తుంది. బరువు కిందికి ఉంటుంది గనుక బండి నిలకడగా పోతుంది. చల్లార్చడానికి కారులో వలె నీరు, రేడియేటరు. వెనుక చక్రానికి చైనుకు బదులు ఇనుప షాఫ్టు. పెట్రోలు టాంకు కూడా పైనుండి సీటు కిందికి దిగింది.

ఇక్కడ ఒక తమాషా ఉంది. టాంకు సీటు కిందికి పోయినా, టాంకు ఉండవలసిన చోట హోండావారు టాంకు ఆకారంలోనే ఒక పెట్టె పెట్టారు. పనిముట్లు, విద్యుత్ పరికరాల వంటివి అందులో ఉంటాయి. టాంకు లేని మోటారు సైకిలును జనం మోటారు సైకిలుగా ఒప్పుకోరేమోనని వారికి అనుమానం! ఉన్నదంతా మార్చినవాడు సైతం పాత రూపానికి కొంత దండం పెట్టక తప్పలేదన్నమాట.

గోల్డ్ వింగ్‌కు ముందుగా కవచమూ పెట్టెలూ లేవు. దూరం పోయే అమెరికనులు బయట కొని తామే బిగించుకున్నారు. అది చూసి హోండా 1980లో కవచంతో, పెట్టెలతో కూడిన బండినే కర్మాగారం నుండి పంపింది. 1988లో ఇంజను ఆరు సిలిండర్లకు పెరిగింది. అంత బరువును వెనక్కు నెట్టలేక అవస్థపడేవారి కోసం సెల్ఫ్ స్టార్టరు మోటారుతో బండిని మెల్లగా వెనక్కు నడిపించే ఏర్పాటు కూడా చేశారు.

హార్లే మాటేమిటి? 1981లో ఆ సంస్థ అధికారులు 13 మంది కలిసి అప్పుచేసి ఎ.ఎం.ఎఫ్. నుండి సంస్థను కొనుక్కున్నారు. అమ్మకాలు పడిపోయి కార్మికులను తగ్గించుకోవలసి వచ్చింది. 1983లో అమెరికా ప్రభుత్వం 700 సి.సి. దాటిన విదేశీ మోటారు సైకిళ్ళపై అదనంగా 45 శాతం సుంకం వేసి, ఏటేటా తగ్గేలా ఐదేళ్ళ గడువు ఇచ్చింది. ఆ గడువు మాత్రమే ఉంది. బతకాలంటే కొత్త ఇంజను కావాలి. అంతకుముందే జర్మనీలోని పోర్షే సంస్థ సహాయంతో నాలుగు సిలిండర్ల, నీటితో చల్లారే ఇంజనుకు నమూనాలు కూడా తయారయ్యాయి. డబ్బు చాలక దానిని పక్కన పెట్టారు. 1984 నమూనా బండ్లకు వచ్చిన ఇంజనులో అదే ‘వి’, అదే 45 డిగ్రీలు, అదే దరువు. లోపల మాత్రం ఇనుప సిలిండర్లకు బదులు అల్యూమినియం. నూనె కారదు, తొందరగా వేడెక్కదు. అదే ఏడు వచ్చిన సాఫ్‌టెయిల్ అనే బండి చూపుకు స్ప్రింగులు లేని 1940ల నాటి బండిలా ఉంటుంది. నిజానికి స్ప్రింగులు గేరు పెట్టె కింద అడ్డంగా దాగి ఉంటాయి. జనం కొన్నారు. గడువు తీరకముందే, 1987లో, ఇక సుంకం అక్కరలేదని హార్లేవారే ప్రభుత్వాన్ని కోరారు.

జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. అనుభవమూ ఇటువంటిదే. 1923 నుండి చేస్తున్న ఎదురెదురు సిలిండర్ల ఇంజనుకు మెల్లగా స్వస్తి చెప్పాలని 1983లో కొత్తరకం నాలుగు సిలిండర్ల బండి తెచ్చింది. పాతదాని అభిమానులు ఒప్పుకోలేదు. 1993లో ఆ పాత అమరికతోనే సరికొత్త ఇంజను చేయవలసి వచ్చింది.

అయితే సంప్రదాయాన్ని ఎక్కడ మన్నించాలి, ఎక్కడ మన్నించకూడదు అన్న విచక్షణ ఉండాలి. హఠాత్తుగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకొని జారిపోకుండా ఆపే ఏర్పాటును బి.ఎం.డబ్ల్యు. 1988లోనే మోటారు సైకిలుకు పెట్టింది. హార్లే దూరప్రయాణపు బండ్లలో సామాన్య కొనుగోలుదారులకు అది 2008 నమూనాలలో గాని అందలేదు. నాలుగు వందల కిలోల బండి తడిరోడ్డు మీద జారితే పోయేది మనిషి ప్రాణం. చప్పుడు పాతదైతే మురిసిపోవచ్చు. బ్రేకు పాతదైతే మురిసిపోవడానికి ఏమీ లేదు.

తరువాతి సంవత్సరాలలో పొగ, చప్పుడులపై చట్టాలు బిగుసుకొన్నాయి. గాలితో మాత్రమే చల్లారే ఇంజనుకు ఆ చట్టాలను దాటడం కష్టం. 2014 నమూనాలలో కొన్ని పెద్ద హార్లే బండ్ల సిలిండర్ల పైభాగానికి నీటి ఏర్పాటు వచ్చింది. ఆ రేడియేటర్లు ఎక్కడున్నాయో వెంటనే కనబడదు; కాళ్ళకు గాలి తగలకుండా ఉండే కవచాలలో దాచారు. 2017 నమూనాలకు వచ్చిన ఇంజనులో అదురును అణిచే బరువు ఒకటి ఉంది. పూర్తిగా అణచగల విద్య ఇంజనీర్లకు తెలియక కాదు. బండి నిలబడి ఉన్నప్పుడు పుట్టే ప్రధానమైన అదురులో 75 శాతమే అణిచి, తక్కినది కావాలనే వదిలిపెట్టారు. నడిపేవాడి చేతికి అది తగలాలి.

మరి గోల్డ్ వింగ్? మోటారు సైకిలుకు గాలిసంచి పెట్టి అమ్మిన మొదటి బండి అదే, 2006లో. 2018లో దానిని తిరిగి మార్చారు. మామూలు ఫోర్కు పోయి కారు చక్రానికి ఉన్నటువంటి అమరిక వచ్చింది, బరువు సుమారు 40 కిలోలు తగ్గింది. ఆరు సిలిండర్ల జోలికి మాత్రం పోలేదు, ఎందుకంటే ఈసరికి అదీ ఒక సంప్రదాయమే. వెనుక పెట్టెలు చిన్నవైనాయని పాత అభిమానులు గొణిగారు. హోండా ఆలకించింది, 2021లో వెనుక పెట్టెను 50 లీటర్ల నుండి 61 లీటర్లకు పెంచింది.