ఆడకుండానే వెనకబడిన జట్టు

2025 డిసెంబరు 2, మంగళవారం. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ సెలక్షన్ కమిటీ ఆ వారం ర్యాంకులు ప్రకటించింది. నోటర్ డేమ్ విశ్వవిద్యాలయానికి 10, మయామికి 12. వారాంతంలో ఈ రెండు జట్లూ మైదానంలో కాలు పెట్టలేదు. డిసెంబరు 7, ఆదివారం తుది జాబితా వచ్చింది. మయామికి 10, నోటర్ డేమ్‌కి 11. ఈసారి పదో ర్యాంకుతోనే తలుపు మూసుకుంది. జాతీయ చాంపియన్‌ని తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌కి మయామి వెళ్లింది. నోటర్ డేమ్ ఇంటికి వెళ్లింది. పైగా అలిగి, సీజన్ చివర జరిగే ఇంకే బౌల్ మ్యాచ్‌లోనూ ఆడబోమని చెప్పేసింది.

అభిమానులు కొట్టుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఇద్దరివీ పది గెలుపులు, రెండు ఓటములు. ముఖాముఖి పోరులో ఆగస్టు 31న మయామి 27-24తో నోటర్ డేమ్‌ని ఓడించింది. అంటే ఆ ఫలితం మూడు నెలలుగా కమిటీ కళ్లెదుటే ఉంది. అయినా నవంబరు 4న వచ్చిన మొదటి జాబితాలో నోటర్ డేమ్‌కి 10, మయామికి 18 ఇచ్చారు. అప్పుడు అక్కర్లేని ముఖాముఖి ఆఖరి ఆదివారం ఎందుకు గుర్తొచ్చిందని నోటర్ డేమ్ వాళ్ల ప్రశ్న. మొదటి రోజే గుర్తుకు రావాల్సిందిగా అని మయామి వాళ్ల జవాబు. కమిటీ చెప్పిన కారణం వేరు. అప్పటిదాకా ఇద్దరి మధ్యలో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం ఉంది. అది తన కాన్ఫరెన్స్ (కొన్ని జట్లు కలిసి నడుపుకునే లీగ్) ఫైనల్లో 34-7తో ఓడి 11 నుంచి 12కి జారడంతో ఈ రెండూ పక్కపక్కకి వచ్చాయి, అప్పుడే ముఖాముఖిని తూచామన్నారు. మరి అదే వారం అలబామా కూడా తన కాన్ఫరెన్స్ ఫైనల్లో 28-7తో ఓడింది కదా? దాని తొమ్మిదో ర్యాంకు చెక్కుచెదరలేదు. మూడో ఓటమితో కూడా అలబామా లోపలికి వెళ్లింది.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకన పెట్టుకుని పరుగెత్తే ఆట. కాలేజీ ఆట అనగానే మన అంతర్ కళాశాలల పోటీలు ఊహించుకుంటే లెక్క తప్పుతుంది. ఒక్క మిషిగన్ విశ్వవిద్యాలయం స్టేడియంలోనే 1,07,601 సీట్లు ఉన్నాయి. ఎమ్మెస్‌కి వెళ్లిన మన పిల్లల్ని అడగండి, మ్యాచ్ ఉన్న శనివారం క్యాంపస్ దగ్గర కారు పెట్టడం ఎంత పనో చెబుతారు.

ఈ గొడవకి మూలం కమిటీలోని మనుషులేనని చాలామంది అభిమానుల నమ్మకం. నాకు మాత్రం మూలం గుణకారంలో కనిపిస్తుంది. 2025లో పై శ్రేణిలో 136 జట్లు ఉన్నాయి. ఒక్కో జట్టు నవంబరు చివరిదాకా ఆడేది 12 మ్యాచ్‌లు. అన్నీ వాళ్లలో వాళ్లే ఆడుకున్నా మొత్తం 816 మ్యాచ్‌లు. కానీ 136 జట్ల మధ్య జరగగల పోరులు 9,180. వందలో తొమ్మిది జతలు కూడా ఎదురుపడవన్నమాట. నిజానికి ఆ తొమ్మిదీ ఎక్కువే, ఎందుకంటే చాలా జట్లు ఒక మ్యాచ్‌ని కింది శ్రేణి జట్టుతో ఆడేస్తాయి. ఐపీఎల్‌తో పోల్చి చూడండి. పది జట్లు, 45 జతలు, 70 లీగ్ మ్యాచ్‌లు. ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో కనీసం ఒకసారైనా తలపడుతుంది. పాయింట్లు సమానమైతే నెట్ రన్‌రేట్ తేలుస్తుంది. అక్కడ అభిప్రాయానికి చోటు లేదు. అమెరికాలో మిగిలిన తొంభై ఒక్క శాతాన్నీ అభిప్రాయంతోనే పూడ్చాలి.

పోనీ, కాన్ఫరెన్స్ లోపలైనా తేలుతుందా అంటే అదీ లేదు. పేరుకి బిగ్ టెన్, ఉన్నవి 18 జట్లు. బిగ్ ట్వెల్వ్‌లో 16. టీవీ డబ్బు కోసం జట్లు ఒక కాన్ఫరెన్స్ నుంచి మరొక దానికి దూకుతుంటే 2024 నాటికి పాత పాక్-ట్వెల్వ్‌లో రెండే మిగిలాయి. మయామి ఉన్న అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో 17 జట్లు. 2025లో ఒక్కో జట్టుకి ఎనిమిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు, అంటే మొత్తం 68. జతలేమో 136. సరిగ్గా సగం. దీని ఫలితం ఆ ఏడాది నవ్వులాటగా మారింది. మయామితో కలిపి ఐదు జట్లు కాన్ఫరెన్స్‌లో 6-2తో రెండో స్థానంలో సమానంగా నిలిచాయి. ఎవరి ప్రత్యర్థులు ఎక్కువ గెలిచారన్న లెక్క తీస్తే ఫైనల్ బెర్తు డ్యూక్‌కి పోయింది. మొత్తం మీద డ్యూక్ రికార్డు 7-5. ఆ డ్యూక్ ఫైనల్లో వర్జీనియాని ఓవర్‌టైమ్‌లో 27-20తో ఓడించి చాంపియన్ అయింది కూడా. పది మ్యాచ్‌లు గెలిచిన మయామి కాన్ఫరెన్స్ ఫైనల్‌కి చేరలేదు గానీ జాతీయ ప్లేఆఫ్‌కి చేరింది. ఐదు ఓడిన డ్యూక్ చాంపియనైనా ప్లేఆఫ్ గడప తొక్కలేదు.

2025లో ప్లేఆఫ్‌లోని పన్నెండు చోట్లలో ఐదు, ర్యాంకుల్లో ముందున్న ఐదుగురు కాన్ఫరెన్స్ చాంపియన్లకి ఉండేవి. డ్యూక్ అందులో లేకపోవడంతో ఆ కోటాలో 20వ ర్యాంకు టులేన్, 24వ ర్యాంకు జేమ్స్ మాడిసన్ వచ్చాయి. పదకొండో ర్యాంకు బయట, ఇరవై నాలుగో ర్యాంకు లోపల. దీన్ని అన్యాయం అనేవాళ్లున్నారు. నేను కాదంటాను. చిన్న కాన్ఫరెన్స్ జట్టు సీజన్ మొత్తంలో ఏం చేసినా లోపలికి దారి లేకపోతే 136 జట్ల పోటీ అని చెప్పుకోవడం దేనికి? టులేన్ 41-10తో, జేమ్స్ మాడిసన్ 51-34తో మొదటి రౌండ్లోనే ఓడిన మాట నిజం. ఏడాది ముందు కాన్ఫరెన్స్ చాంపియన్ హోదాతో మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్లిన ఒరెగాన్, జార్జియా, బోయిసీ స్టేట్, అరిజోనా స్టేట్ కూడా తమ తొలి మ్యాచ్‌లోనే ఓడాయి, నాలుగుకి నాలుగూ. ఓడితే అనర్హులు అనే సూత్రం చిన్నవాళ్లకేనా?

ఈ చోట్ల సంఖ్య ఎలా పెరిగిందో చూస్తే గొడవ పెరగలేదు, తగ్గలేదు, కిందికి జరిగిందని తెలుస్తుంది. చాలాకాలం పత్రికా విలేకరులు, కోచ్‌లు వేసే ఓట్లే చాంపియన్‌ని తేల్చేవి. అసోసియేటెడ్ ప్రెస్ పోల్ 1936 నుంచీ ఉంది. 1997లో విలేకరులు మిషిగన్ అన్నారు, కోచ్‌లు నెబ్రాస్కా అన్నారు. ఇద్దరూ చాంపియన్లే. మరుసటి ఏడాది నుంచి ఓట్లు, కంప్యూటర్ ర్యాంకులు కలిపి ఇద్దర్ని ఎంచి ఫైనల్ ఆడించే పద్ధతి వచ్చింది. 2003లో ఆ కంప్యూటర్లే ముంచాయి. రెండు పోల్స్‌లోనూ మొదటి ర్యాంకున్న సదరన్ కాలిఫోర్నియాని మూడోస్థానంలోకి తోసి, కాన్ఫరెన్స్ ఫైనల్లో 35-7తో చిత్తయిన ఓక్లహోమాని ఫైనల్‌కి పంపాయి. 2004లో ఆబర్న్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా 13-0తో ముగించి, ఫైనల్ చూస్తూ కూర్చుంది.

2014లో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. మొదటి ఏడాదే టెక్సస్ క్రిస్టియన్ మూడో ర్యాంకులో ఉండి, చివరి మ్యాచ్ 55-3తో గెలిచి, ఆరో స్థానానికి పడిపోయింది. 52 పాయింట్ల తేడాతో గెలిచి మూడు మెట్లు దిగడం ఎలాగో ఆ అభిమానులకి నేటికీ అర్థం కాలేదు. నాలుగో చోటు ఒహాయో స్టేట్‌కి దక్కింది, అది కప్పు కొట్టేసింది. ఆ ఏడాదితో కలిపి పదేళ్లలో మొత్తం 40 చోట్లని 15 విద్యాసంస్థలే పంచుకున్నాయి. అలబామా 8, క్లెమ్సన్ 6, ఒహాయో స్టేట్ 5. ముగ్గురికే 19. ఐదు పెద్ద కాన్ఫరెన్సుల అండ గానీ, నోటర్ డేమ్‌లా స్వతంత్రంగా నిలిచే పరపతి గానీ లేకుండా లోపలికి వచ్చింది ఒక్క సిన్సినాటి, 2021లో. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా 13-0తో ముగించినా ఎవరూ పిలవలేదు. వాళ్లే తమని జాతీయ చాంపియన్లుగా ప్రకటించుకుని ఊరేగింపు కూడా చేసుకున్నారు. చాలామంది నవ్వారు గానీ నాకు ఆ పని ముచ్చటగానే అనిపించింది.

అన్నిటికన్నా మానని గాయం 2023 నాటిది. ఫ్లోరిడా స్టేట్ 13-0, కాన్ఫరెన్స్ చాంపియన్. నవంబరు 18న దాని దాడిని నడిపించే ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి పెద్ద గాయమై సీజన్ ముగిసింది. అతను లేకుండా కూడా జట్టు మిగిలిన మ్యాచ్‌లు గెలిచింది. డిసెంబరు 3న కమిటీలోని 13 మంది దాన్ని ఐదో ర్యాంకులో పెట్టి, 12-1తో ఉన్న అలబామాకి నాలుగో చోటు ఇచ్చారు. ట్రావిస్ లేని జట్టు అప్పటిదాకా ఆడిన జట్టు కాదన్నది వాళ్ల వాదన. పెద్ద కాన్ఫరెన్స్ నుంచి ఓటమి లేని చాంపియన్‌ని పక్కన పెట్టడం నాలుగు జట్ల కాలంలో అదే తొలిసారి, అదే ఆఖరు కూడా; మరుసటి ఏడాది చోట్లు పన్నెండు అయ్యాయి. తర్వాత ఆరెంజ్ బౌల్‌లో ఫ్లోరిడా స్టేట్ జార్జియా చేతిలో 63-3తో ఓడితే, చూశారా, కమిటీ సరిగ్గానే చేసిందన్నారు కొందరు. అప్పటికి జట్టులో చాలామంది ఆటగాళ్లు తప్పుకున్నారన్న సంగతి మాట్లాడలేదు. జరిగిన దానికి బహుమతా, జరగబోయే దాని మీద జోస్యమా అన్నదే అసలు ప్రశ్న. కమిటీ ఆరోజు జోస్యం చెప్పింది. అప్పుడిక మ్యాచ్‌లు గెలవడానికి విలువేమిటి?

ఈ ఆటలో వేరే రకం వివాదాలూ ఉన్నాయి. అదే 2023లో ప్రత్యర్థుల సైగల్ని దొంగతనంగా చిత్రీకరించారని మిషిగన్ మీద ఆరోపణ వచ్చింది. కోచ్ జిమ్ హార్బా మూడు మ్యాచ్‌లకి దూరమయ్యాడు, తర్వాత దర్యాప్తు, జరిమానా. అలాంటివాటికి ఎప్పుడో ఒకప్పుడు తీర్పు ఉంటుంది. ర్యాంకు గొడవకి తీర్పు చెప్పే చోటు లేదు, అందుకే 2004 ఆబర్న్ గురించి ఇప్పటికీ వాదించుకుంటారు.

పంతం ఒక్కటే కాదు, డబ్బూ ఉంది. ప్లేఆఫ్ ప్రసార హక్కుల కోసం ఈఎస్‌పీఎన్ ఏడాదికి సుమారు 130 కోట్ల డాలర్ల చొప్పున ఆరేళ్లకి ఒప్పందం చేసుకుంది. 2024, 2025 సీజన్లలో పన్నెండులోకి అడుగుపెడితే 40 లక్షల డాలర్లు, క్వార్టర్ ఫైనల్‌కి ఇంకో 40 లక్షలు, సెమీస్‌కి 60, ఫైనల్‌కి 60. మామూలుగా ఇది కాన్ఫరెన్స్ ఖాతాలోకి వెళ్లి పంపకం అయ్యేది. నోటర్ డేమ్‌కి ఫుట్‌బాల్‌లో కాన్ఫరెన్స్ లేదు, వచ్చింది వచ్చినట్టు దానిదే. 2024లో ఫైనల్ దాకా వెళ్లి రెండు కోట్ల డాలర్లు తెచ్చుకున్న జట్టు, 2025లో ఒక్క ర్యాంకు తేడాతో సున్నా దగ్గర ఆగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం విశ్వవిద్యాలయాలు ఆ విద్యా సంవత్సరంలో క్రీడాకారులకి నేరుగా 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చు. ఒక ఏడాది ప్లేఆఫ్ రాబడి దాదాపు ఆ మొత్తానికి సరిపోతుందంటే పదకొండో ర్యాంకు ఎంత చేదో ఊహించుకోవచ్చు.

మయామి మాత్రం ఆ పదో ర్యాంకుని వృథా చేయలేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌ని 10-3తో, ఒహాయో స్టేట్‌ని 24-14తో, ఓల్ మిస్‌ని 31-27తో ఓడించి ఫైనల్ చేరింది. అక్కడ ఇండియానా చేతిలో 27-21తో ఓడింది. మయామి అభిమానులకి ఇది రుజువు. నోటర్ డేమ్ అభిమానులకి కూడా ఇది రుజువే: మాకు ఆ చోటు ఇచ్చి ఉంటే మేమూ అంత దూరం వెళ్లేవాళ్లమని!

ఇప్పుడు చోట్లని 16 చేద్దామని ఒక పక్షం, 24 చేద్దామని మరో పక్షం. 2004లో గుమ్మం బయట నిలబడ్డది ఒక్క ఓటమీ లేని జట్టు. 2025లో రెండు ఓడిన జట్టు. 24 చేస్తే నాలుగు ఓడిన జట్లు వరసలో నిలబడతాయి, అలాంటివి ఒకటీ రెండూ ఉండవు. ఈలోగా పదహారు జట్ల సౌత్ ఈస్టర్న్ కాన్ఫరెన్స్ 2026 నుంచి ఒక్కో జట్టుకి ఎనిమిదికి బదులు తొమ్మిది కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు పెడుతోంది. 64 మ్యాచ్‌లు 72 అవుతాయి. ముఖాముఖిలు ఎనిమిది పెరుగుతాయి, తూచడానికి అది మంచిదే. కానీ బయటి బలహీన జట్టు మీద తేలిగ్గా గెలిచే చోట ఇప్పుడు తమలో తామే ఎనిమిది ఓటములు పంచుకోవాలి. ఆ ఓటముల్ని కమిటీ ఎలా లెక్కకడుతుందోనని అక్కడి కోచ్‌లు ఇప్పటి నుంచే గొణుగుతున్నారు.