నక్క తోక తొక్కిన కథలు

మూడు వందల ఏళ్ల నాటి చైనా దెయ్యాల ప్రేమకథల సంపుటిని ఎవరెవరు ఎలా చదివారు, పైకి ఏం చెప్పారు, లోపల ఏం దాచుకున్నారు?

బీ యీయాన్ లావుపాటి మనిషి. ముఖం నిండా మీసాలూ గడ్డమూ. చదువుకున్నవాడు, నలుగురిలో పేరున్నవాడు. ఆయన స్నేహితుడొకరు ఒక కథ రాశారు. అందులో చింగ్‌ఫెంగ్ అనే నక్క అందమైన అమ్మాయిగా మారి ఒక కుర్రవాడి ప్రేమలో పడుతుంది. ఆ కథ చదివిన ప్రతిసారీ బీ గారికి ఒకటే ఆరాటం, అలాంటి పిల్ల తనకూ ఒక్కసారి ఎదురుపడకూడదా అని. బాబాయిగారి మేడలో నక్కలు తిరుగుతాయని జనం చెప్పుకునేవారు. వెళ్లి అక్కడే పడుకున్నాడు. నిద్రలో ఎవరో కుదిపితే లేచి చూశాడు, ఎదురుగా నలభై దాటిన ఒకావిడ. తాను నక్కనేననీ, తనకు వయసు మళ్లిందనీ, మర్నాడు తన కూతుర్ని తీసుకొస్తాననీ చెప్పింది. అన్నట్టే తీసుకొచ్చింది. కొన్నాళ్లు గడిచాక ఆ అమ్మాయి సెలవు తీసుకుంటూ ఒక కోరిక కోరింది. తన గురించి కూడా ఆ స్నేహితుడి చేత కథ రాయించమంది. ఎన్ని యుగాల తర్వాతైనా నీలాంటి పాఠకుడు ఒకడు నన్ను తలుచుకోకపోడని ఆమె ఆశ.

ఆ స్నేహితుడి పేరు పు సోంగ్‌లింగ్. కాంగ్‌షీ చక్రవర్తి ఏలుబడి 21వ ఏట, పన్నెండో నెల 19వ తేదీ రాత్రి బీ గారు తన పక్కన పడుకుని ఈ సంగతంతా చెప్పాడంటూ ఆయన దాన్ని ‘నక్క కల’ అన్న కథగా రాసి, అదే సంపుటిలో చేర్చాడు. ఒక పుస్తకం చదివి పాఠకుడు ఏమైపోయాడో ఆ పుస్తకంలోనే ఇంకో కథ కావడం నాకు తెలిసి చాలా అరుదు. ఈ సంపుటి గురించి తర్వాత మహామహులు చాలా మాట్లాడారు. బీ గారంత నిజాయితీగా ఒక్కరూ మాట్లాడలేదన్నది నా అభిప్రాయం.

అత్తగారింటికి వచ్చిన దెయ్యం

‘లియావ్‌జాయ్’ అనేది పు సోంగ్‌లింగ్ తన చదువుల గదికి పెట్టుకున్న పేరు. ఆ గది పేరుతో వచ్చిన వింత కథల సంపుటిలో దాదాపు 500 కథలున్నాయి. అన్నీ ప్రేమకథలు కావు. కీచురాయి కోసం కూలిపోయిన కుటుంబం కథ ఉంది, నరకంలో కూడా లంచం మరిగిన న్యాయాధికారుల కథ ఉంది, 1668 భూకంపం గురించి కళ్లారా చూసి రాసిన నాలుగు ముక్కలూ ఉన్నాయి. అయినా జనానికి గుర్తుండేవి మాత్రం అర్ధరాత్రి ఒంటరి విద్యార్థి తలుపు తట్టే ఆడవాళ్ల కథలే. వాళ్లలో ఒకామె నక్క, ఒకామె చచ్చిపోయిన పిల్ల, ఇంకొకామె పెరటి చామంతి, మరొకామె తేనెటీగ.

మనకు నక్క అంటే జిత్తులమారి, లేదంటే తోక తొక్కితే కలిసొచ్చే అదృష్టం. పు సోంగ్‌లింగ్ కథానాయకులంతా ఈ రెండో రకం. చేతిలో కాసు లేదు, పరీక్ష గట్టెక్కలేదు, అయినా ఎక్కడి నుంచో అప్సరసలాంటి పిల్ల వచ్చి కాపురం చక్కబెడుతుంది.

‘న్యే షియావ్‌చియెన్’ కథనే చూడండి. పద్దెనిమిదో ఏట చనిపోయిన పిల్ల ఆమె. పాడుబడ్డ గుడిలో ఒక పిశాచం ఆమెను లొంగదీసుకుని, మగవాళ్లకు అందంతో, బంగారంతో ఎర వేయిస్తుంటుంది. ఆ బంగారం నిజానికి రాక్షసుడి ఎముక. దగ్గర ఉంచుకున్నవాడి గుండెను, కాలేయాన్ని లాగేస్తుంది. (ఈ రాక్షసుడు మనవాడే. బౌద్ధంతో పాటు చైనాకు నడిచి వెళ్లాడు.) నింగ్ త్సాయ్‌చెన్ అనే కుర్రవాడు అందానికీ లొంగడు, బంగారానికీ లొంగడు. ఆమె ఎముకలు తవ్వి తీసి, తన ఊరికి తెచ్చి సమాధి చేస్తాడు. మన సినిమాలో అయితే ఈపాటికి మాంత్రికుడు నిమ్మకాయలతో దిగేవాడు. ఇక్కడ ఆ దెయ్యం నింగ్ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లి దణ్ణం పెడుతుంది, వంట చేస్తుంది, ఇల్లు సర్దుతుంది. పెద్దావిడ మొదట రాత్రిపూట ఇంట్లో ఉండనివ్వదు. మెల్లగా భయం పోతుంది, పిల్ల గంజి తాగడం మొదలుపెడుతుంది. జబ్బుతో ఉన్న నింగ్ భార్య కన్నుమూశాక ఆమే కోడలవుతుంది, కొడుకులను కంటుంది. 1987లో హాంకాంగ్‌లో ‘ఎ చైనీస్ ఘోస్ట్ స్టోరీ’గా వచ్చిన సినిమాకు మూలం ఇదే. సినిమా వాళ్లు ప్రేమికులను విడదీసి ఏడిపించారు. మూలకథలో మాత్రం సుఖాంతం. ఏడుపు కన్నా కాపురమే పాఠకుడికి కావాలని పు సోంగ్‌లింగ్‌కు తెలుసు.

ఎందుకు తెలుసో ఆయన బతుకు చూస్తే అర్థమవుతుంది. 1640లో షాన్‌డోంగ్ ప్రాంతంలో పుట్టాడు. పందొమ్మిదో ఏట మొదటి మెట్టు పరీక్షల్లో ప్రథముడిగా నిలిచాడు. ఆ తర్వాత రాష్ట్రస్థాయి పరీక్ష ఎన్నిసార్లు రాసినా దక్కలేదు. డెబ్బై దాటాక ఓదార్పు బహుమతిలాంటి ఒక పట్టా ఇచ్చారు. మధ్యలో సుమారు ముప్ఫై ఏళ్లు బీ వాళ్ల ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి పొట్ట పోసుకున్నాడు. సొంత ఇల్లు సెలవులకు మాత్రమే. పిల్లల్ని పెంచిందీ, కరువులో కుటుంబాన్ని లాక్కొచ్చిందీ భార్య ల్యూ గారు. యాభై దాటాక కూడా పరీక్షకు బయలుదేరుతుంటే, రాసిపెట్టి ఉంటే ఇప్పటికే మంత్రివి అయ్యేవాడివి, ఇక చాలించమని ఆమె అన్నదట. ఆమె పోయాక ఆయనే రాసుకున్నాడు. పరాయి ఇంటి గదిలో ఒంటరి దీపం ముందు కూర్చున్న మనిషి తలుపు చప్పుడు గురించి రాయడంలో వింతేముంది?

చూశావా, విన్నావా?

స్నేహితుల మాటలు అప్పట్లోనే రెండు రకాలుగా ఉండేవి. ఈ గాలి కబుర్లు మాని పరీక్షకు చదువుకోమని జాంగ్ దూచింగ్ పద్యంలో హెచ్చరించాడు. ఆ కాలపు పెద్ద కవి, పెద్ద అధికారి వాంగ్ షిజెన్ మాత్రం రాతప్రతి తెప్పించుకుని చదివి, అంచుల్లో వ్యాఖ్యలు రాసి, మెచ్చుకుంటూ ఒక పద్యం పంపాడు. ఈ ప్రతిని ఆయన బోలెడు డబ్బిచ్చి కొనబోయాడని జనం అల్లిన కథను పరిశోధకులు నమ్మరు. పు సోంగ్‌లింగ్ దారిపక్కన టీ, పొగాకు పెట్టుకుని కూర్చుని బాటసారుల చేత కథలు చెప్పించుకున్నాడన్నదీ అలాంటిదే. బడిపంతులుకు అంత తీరికెక్కడిది?

1715లో ఆయన పోయేనాటికి పుస్తకం అచ్చు కాలేదు. చేతిరాత ప్రతులే ఒకరి నుంచి ఒకరికి తిరిగాయి. 1766లో జావ్ చీగావ్ అనే అధికారి అచ్చుకు పూనుకున్నాడు. పాలకులకు కోపం తెప్పించే చోట్ల కత్తెర వేశాడు. పని పూర్తి కాకముందే తనూ పోయాడు.

అచ్చయ్యాక గట్టి దెబ్బ కొట్టినవాడు జీ యూన్. చక్రవర్తి మహాగ్రంథాలయానికి ప్రధాన సంపాదకుడు. దెయ్యాల మీద ఆయనకేమీ పేచీ లేదు, తానూ ఆ రకం ముచ్చట్లు వెయ్యికి పైగా రాశాడు. ఆయన అభ్యంతరం వేరు. జరిగినదాన్ని జరిగినట్టు నమోదు చేస్తున్నానంటూ, పడకగదిలో ఇద్దరు గుసగుసలాడుకున్న మాటలు ఎలా రాస్తావు? నువ్వు చూశావా, విన్నావా? ఆయన మాటల సారం ఇది. శిష్యుడొకరు 1793లో దాన్ని నమోదు చేశాడు.

చదవగానే కాదనలేని ప్రశ్నలా ఉంటుంది. మరి కణ్వాశ్రమంలో పొదరింటి మాటలు కాళిదాసు ఎక్కడ నిలబడి విన్నాడు? జీ యూన్ అడిగినది చరిత్రకారుణ్ణి అడగాల్సిన ప్రశ్న. చిక్కేమిటంటే పు సోంగ్‌లింగ్ కూడా చరిత్రకారుడి వేషం వేశాడు. చాలా కథల చివర ‘వింతల చరిత్రకారుడు’ అనే పేరుతో తన తీర్పు రాస్తాడు. మన బేతాళుడు కథ ముగించి రాజును తీర్పు అడుగుతాడు. ఇక్కడ ఆ పని రచయితే చేసుకుంటాడు. ఆ తీర్పులు ఒక్కోసారి కథకు ఎదురు తిరుగుతాయి, ఒక్కోసారి పచ్చి వెటకారం.

పంతొమ్మిదో శతాబ్దిలో ఫెంగ్ జెన్‌లువాన్, దాన్ మింగ్‌లున్ లాంటి వ్యాఖ్యాతలు దీన్ని ప్రాచీన చరిత్ర గ్రంథాల పక్కన పెట్టి వాక్యం వాక్యం విప్పి చూపారు. దీన్ని కథల కోసం చదివేవాడు మూఢుడు, శైలి కోసం చదవాలి అన్నది ఫెంగ్ ధోరణి. ఇక్కడే నాకు తేడా కొడుతుంది. నక్కపిల్ల కోసం చదివాను అని చెప్పుకోవడానికి పెద్దమనుషులకు సిగ్గు. శైలి కోసం అంటే గౌరవంగా ఉంటుంది.

కత్తెర, ఉత్తరం, కరపత్రం

1880లో హెర్బర్ట్ జైల్స్ అనే బ్రిటిష్ దౌత్య ఉద్యోగి 164 కథలను ఇంగ్లీషులోకి తెచ్చాడు. విక్టోరియా రాణి కాలపు మర్యాదకు సరిపడేలా శృంగారాన్ని ఊడ్చేశాడు. ప్రేమికులు మిగిలారు, వాళ్లు రాత్రంతా ఏం చేశారో మాత్రం తెలియదు. 1911లో మార్టిన్ బూబర్ 16 కథలను జర్మన్‌లోకి తెచ్చాడు. ఆయన పుస్తకం పేరులోనే ‘దెయ్యాలు’, ‘ప్రేమ’ రెండూ పెట్టాడు. అదొక్కటి చాలు, ఆయనంటే నాకు గౌరవం కలగడానికి. ఆ కథలు అద్భుతంగా ఉన్నాయని 1913 మొదట్లో కాఫ్కా తన ఫెలీసెకు రాశాడు. దూరాన ఉన్న అమ్మాయితో ఉత్తరాల మీదే ప్రేమ నడిపి, రెండుసార్లు నిశ్చయం చేసుకుని, రెండుసార్లూ తప్పుకున్న మనిషికి రాత్రి వచ్చి తెల్లారేసరికి మాయమయ్యే ప్రేయసి నచ్చడం సహజమే.

చైనాలో రచయిత లూ షున్ ఈ కథల గుట్టు బాగా పట్టుకున్నాడు. నక్కలూ పూలూ మనుషుల్లా మసలుతుంటే, వాళ్లు వేరే జాతి అన్న సంగతి మనం మరిచిపోతాం, ఉన్నట్టుండి ఒక వింత జరిగి గుర్తుకొస్తుంది అన్నాడు. కమ్యూనిస్టు పాలన వచ్చాక ఈ పుస్తకం భూస్వాముల మీదా అధికారుల మీదా సంధించిన బాణమైంది. 1961లో దెయ్యాలంటే భయపడని వాళ్ల కథల సంకలనం ఒకటి వేశారు, పు సోంగ్‌లింగ్ కథలూ అందులో చేరాయి. అక్కడ దెయ్యమంటే దేశ శత్రువు. రెండేళ్లు తిరిగేసరికి రంగస్థలం మీద దెయ్యాల నాటకాలు నిషేధించారు. పాపం, షియావ్‌చియెన్‌కు ఇన్ని ఉద్యోగాలు!

నాకు నచ్చిన అసమ్మతి ఐలీన్ చాంగ్‌ది. ప్రేమకథల్లో ఆమెను మించినవాళ్లు ఆధునిక చైనీస్‌లో తక్కువ. చాలా ఏళ్ల తర్వాత మళ్లీ తెరిస్తే లియావ్‌జాయ్ నాజూకుగా, పల్చగా అనిపించిందనీ, చదవబుద్ధి కాలేదనీ, జీ యూన్ రాసిన ఆ పొడి పొడి ముచ్చట్లే ఇప్పుడు బాగున్నాయనీ 1974లో రాసింది. జీ యూన్‌కు రెండు శతాబ్దాల తర్వాత దొరికిన మద్దతు అది. మరోవైపు అదే షాన్‌డోంగ్‌లో పుట్టిన మో యాన్ 2012లో నోబెల్ ఉపన్యాసంలో పు సోంగ్‌లింగ్ వారసుణ్ణని చెప్పుకున్నాడు. ఇవాళ్టికీ జోరు తగ్గలేదు. 2023లో దావ్ లాంగ్ అనే గాయకుడు ఇందులోని రాక్షస దేశం కథ పేరుతో కట్టిన పాట చైనా అంతటా మార్మోగింది.

నవ్వు మానేసిన పిల్ల

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం స్త్రీవాద విమర్శకులది. ఈ నక్కలూ దెయ్యాలూ ఏమీ అడగరేం? కట్నం లేదు, పుట్టిల్లు లేదు, కోపం లేదు. తమంతట తామే వస్తారు, జబ్బు నయం చేస్తారు, డబ్బు తెస్తారు, సవతిని కూడా ఆదరిస్తారు. ఇది ప్రేమా, పరీక్ష తప్పిన మగవాడి పగటికలా?

చాలా కథల విషయంలో దీనికి నా దగ్గర జవాబు లేదు. షియావ్‌చియెన్ సుఖాంతంలో కూడా నింగ్ మరో ఆడమనిషిని తెచ్చుకుంటాడు. అయితే ‘యింగ్‌నింగ్’ దగ్గర ఈ విమర్శ ఆగి ఆలోచించాలి. పూలకొమ్మ పట్టుకుని పకపకా నవ్వే పిల్ల ఆమె. తల్లి నక్క, పెంచినామె దెయ్యం. పెళ్లిలో కూడా నవ్వు ఆపుకోలేక తంతు సగంలో వదిలేయాల్సి వస్తుంది. పక్కింటి కుర్రవాడు గోడ మీదుగా ఆశపడితే కిందికి చూపించి నవ్వుతుంది. వాడు రాత్రి వచ్చి వాటేసుకున్నది ఒక పుచ్చిన దుంగను. అందులో తేలు ఉంది, వాడు చచ్చిపోతాడు. కేసు కోర్టుకెక్కుతుంది, అధికారి కొట్టేస్తాడు. అత్తగారు మందలిస్తుంది, అధికారి తెలివితక్కువవాడై ఉంటే నిన్ను కోర్టుకు ఈడ్చేవాళ్లు, మన పరువేం కావాలని. ఆ రోజు నుంచి యింగ్‌నింగ్ ఎంత కవ్వించినా నవ్వదు.

పిల్ల పెద్దదైంది, బాధ్యత తెలిసింది అని కొందరు పాఠకులు. అడవిలో పెరిగిన మనిషిని సంసారం చంపేసింది అని కొందరు. నాది రెండో పక్షం. కానీ కథ అక్కడ ఆగదు. ఆమెకు పుట్టిన కొడుకు ఎవర్ని చూసినా నవ్వుతాడు, కొత్తా పాతా లేదు. పగటికలలు మాత్రమే రాసేవాడు ఆ నవ్వును ఆపేసేవాడు కాదు.

‘లియెన్‌షియాంగ్’ ఇంకో రకం. ఒకే కుర్రవాడి దగ్గరికి నక్క ఒక రాత్రి, దెయ్యం ఒక రాత్రి వస్తుంటారు. ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతారు. చివరికి ఆ ఇద్దరి స్నేహం ముందు ప్రేమకథ వెనకబడిపోతుంది. జన్మ మారాక ఇద్దరూ కలిసి తమ పాత ఎముకలను సమాధి చేయించుకుంటారు. కుర్రవాడి ముఖం గుర్తుండదు, వీళ్లిద్దరూ గుర్తుంటారు.

శైలి గొప్పదే, వ్యంగ్యం పదునైనదే. అయినా పండితుల కోసమైతే ఈ పుస్తకం అచ్చు లేకుండా యాభై ఏళ్లు బతికేది కాదు. బతికించింది బీ గారి లాంటివాళ్లు. ప్రేమకథలంటే తక్కువ రకం అనుకునే మన సాహిత్య సభలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

చదవాలనుకునేవారికి ఒక మాట. ఇంగ్లీషులో జాన్ మిన్‌ఫోర్డ్ అనువాదం పెంగ్విన్ ప్రచురణగా 104 కథలతో ఉంది. మొత్తం కావాలంటే సిడ్నీ సాండర్‌గార్డ్ ఆరు సంపుటాలున్నాయి. వరసగా చదవకండి, విసుగొస్తుంది, కథలు ఒకే అచ్చులో పోసినట్టు కనిపిస్తాయి. ముందు ‘యింగ్‌నింగ్’, తర్వాత ‘లియెన్‌షియాంగ్’, ఆపైన ‘నక్క కల’. భర్త ప్రాణం కోసం భార్య ఒక బిచ్చగాడి కఫం మింగాల్సి వచ్చే ‘రంగుల చర్మం’ మాత్రం భోజనానికి ముందు వద్దు.