జీతమెంతో ముందే చెప్పండి

ప్రత్తిపాడు, పెదనందిపాడు, పర్చూరు వైపు మిరప కోతలు మొదలైతే మేస్త్రి కూలీల ఇళ్లకొచ్చి ముందుగా తేల్చాల్సింది రేటే. రోజు కూలైతే ఎంత, కిలోల లెక్కైతే ఎంత, ఆటో కిరాయి ఎవరిది? ఇవి తేలాకే మర్నాటికి క్యారేజీ కట్టుకునేది. పక్క ఊళ్లో కాస్త ఎక్కువిస్తున్నారంటే ముఠా మొత్తం అటే పోతుంది. పత్తి తీతలకూ అంతే. ఉపాధి హామీ కూలైతే ఏకంగా గెజిట్‌లో వస్తుంది: 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు రోజుకు 307 రూపాయలు.

అదే ఇంటి పిల్ల బీటెక్ చదివి ఉద్యోగం వెతుక్కుంటే ఈ కట్టుబాటు ఉండదు. ఏపీపీఎస్సీ నోటిఫికేషన్‌లో పే స్కేలు ఉంటుంది కానీ, ప్రైవేటు ప్రకటనల్లో చాలావాటిలో 'అర్హతను బట్టి జీతం' అన్న ముక్కే. ఇంటర్వ్యూలన్నీ అయ్యాక హెచ్ఆర్ వాళ్లు పాత పే స్లిప్పులు పంపమంటారు. తక్కువ జీతంతో మొదలైన అమ్మాయిని, ఎన్ని కంపెనీలు మారినా, ఆ పాత అంకె వదలదు. ఇది అన్యాయం. ప్రకటనలో జీతం వేయాలన్న చట్టం మన దేశంలో ఇంకా రాలేదు.

అమెరికాలో ఉన్న మనకు ఇది తెలియని సంగతి కాదు. హెచ్-1బి కోసం కంపెనీ దాఖలు చేసే ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్)లో జీతం రాయాల్సిందే. దాని గురించి ఉద్యోగులకు కాగితం మీద నోటీసు పెడితే, పనిచేసే చోట రెండు జాగాల్లో పది రోజులు కనిపించాలి. కార్మిక శాఖ ఆ వివరాలన్నీ బయటపెడుతుంది. మన జీతం తోటివాళ్లతో సమానమో కాదో పోల్చుకునే వీలు మనలో చాలామందికి అలా దొరికింది. తర్వాత చట్టాలు ప్రకటనల దాకా వచ్చాయి. కొలరాడోలో 2021 జనవరి నుంచి, న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి జీతం వేయడం తప్పనిసరి. 15 మంది, ఆపైన ఉద్యోగులున్న సంస్థలకు కాలిఫోర్నియాలో 2023 నుంచి అదే నియమం. పాత జీతం అడగడాన్ని ఆ రాష్ట్రం 2018లోనే నిషేధించింది.

అంకె బయటపెడితే పాత ఉద్యోగులు అలుగుతారని యజమానులు అంటారు. కొత్తవాళ్ల కంటే పాతవాళ్లకు తక్కువిస్తుంటే సరిచేయాల్సింది ఆ జీతాన్ని.

మనలో కొందరు హైదరాబాదులో, విజయవాడలో, గుంటూరులో ఆఫీసులు నడుపుతున్నారు. చట్టం కోసం ఆగకండి. ఈసారి వేసే ప్రకటనలో కనీసం ఎంత, గరిష్ఠం ఎంత, సీటీసీలో చేతికొచ్చేది ఎంత అన్నవి అచ్చు వేయండి. పాత పే స్లిప్పు అడగడం మానేయండి.