ఇంటి ఈతకొలనులో పి.హెచ్. నియంత్రణ – ఆమ్ల వినియోగం

ఈతకొలను నీటి పి.హెచ్. 7.2 – 7.8 మధ్య ఉండటం శ్రేయస్కరం. క్లోరిన్ నీటిలో కలిసినప్పుడు ఏర్పడే హైపోక్లోరస్ ఆమ్లమే క్రిములను సమర్థంగా నశింపజేస్తుంది. సయనూరిక్ ఆమ్లం కలపని నీటిలో, పి.హెచ్. 7.5 వద్ద క్లోరిన్‌లో దాదాపు సగం ఈ రూపంలో ఉంటుంది. 8 వద్ద అది నాలుగోవంతుకు పడిపోతుంది. అందుచేత క్లోరిన్ వేసినంత మాత్రాన నీరు సురక్షితం కాదు.

తెలంగాణలో అనేక ప్రాంతాల బోరునీటిలో బైకార్బనేట్లు అధికం. ఆ నీటితో నింపిన కొలను నుండి కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి వెలువడేకొద్దీ పి.హెచ్. పెరుగుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపితే తగ్గి, కొద్దిరోజులకే మళ్లీ పెరుగుతుంది. మిగిలి ఉన్న క్షారతే ఇందుకు కారణం. ఆమ్లం పి.హెచ్.ను, క్షారతను రెండింటినీ తగ్గిస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వెలువడటం వల్ల తిరిగి పెరిగేది పి.హెచ్. మాత్రమే. కాబట్టి ప్రతిసారీ పరీక్షిస్తూ, కొద్దికొద్దిగా ఆమ్లం కలిపి క్షారతను కాల్షియం కార్బనేట్ లెక్కన లీటరుకు 80 మి.గ్రా. దాపుకు తెస్తే ఆమ్లం అవసరం క్రమంగా తగ్గుతుంది. ఆవిరైన నీటికి బదులు మళ్లీ బోరునీరే నింపితే క్షారత తిరిగి చేరుతుంది.

ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీటిలోనే ఆమ్లాన్ని పోయాలి. ఆమ్లంలో నీటిని పోయరాదు. బ్లీచింగ్ పౌడరుతో ఆమ్లం కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది కనుక ఆ రెండింటినీ వేర్వేరు చోట్ల భద్రపరచాలి.