గెలుపు గురువుకు ఓటరు పరీక్ష

రైల్వే స్టేషన్ బుక్‌స్టాల్‌లో పోటీ పరీక్షల గైడ్ల సరసన చోటు సంపాదించిన పుస్తకం 'యూ కెన్ విన్'. 1998లో వచ్చింది. 'జీత్ ఆప్‌కీ' పేరుతో హిందీ పట్టణాలకూ చేరి లక్షల్లో అమ్ముడైంది. సాహితీ విమర్శకులు రచయిత శివ్ ఖేరాను లెక్కలోకి తీసుకోలేదు. పాఠకులు వాళ్లనడిగి కొనలేదు కూడా.

ఖేరాది బొగ్గు గనుల వ్యాపార కుటుంబం. 1970ల తొలినాళ్లలో ఇందిరాగాంధీ ప్రభుత్వం గనులను జాతీయం చేయడంతో ఆ ఆధారం పోయింది. ఉత్తర అమెరికా వెళ్లిన ఆయన కార్లు కడిగారు, జీవిత బీమా పాలసీలు అమ్మారు. అక్కడే నార్మన్ విన్సెంట్ పీల్ ప్రసంగం విన్నారు. సానుకూల ఆలోచనే సర్వస్వమంటూ 1952లో పుస్తకం రాసి అమెరికాను ఊపేసిన చర్చి బోధకుడాయన. ఆ బోధనే ఖేరా ఇండియాకు తెచ్చారు.

సరుకు కన్నా సమయం బాగా కలిసొచ్చిందనాలి. 1991 సంస్కరణల తర్వాత ప్రైవేటు బ్యాంకులు, సెల్‌ఫోన్ కంపెనీలు వచ్చాయి. 2000లో బీమా రంగం ప్రైవేటుకు తెరుచుకుంది. అందరికీ సేల్స్ కుర్రాళ్లు కావాలి. రోజంతా గడపగడపకూ తిరిగి 'వద్దు' అనిపించుకున్నవాడు మర్నాడు మళ్లీ టై కట్టుకుని బయల్దేరాలంటే జీతం ఒక్కటే చాలదు. ఆ మిగతాది ఖేరా వర్క్‌షాపుల్లో దొరికింది. బీమా అమ్మినవాడికి ఆ 'వద్దు' రుచి తెలుసు. తెలుగులో ఇదే నాడిని 'విజయానికి ఐదు మెట్లు'తో యండమూరి వీరేంద్రనాథ్ పట్టుకున్నారు.

అయితే ఓటమికి మూలం మన దృక్పథమేననే ఈ బోధకు ఖేరా ఇంట్లోనే మినహాయింపు ఉంది. గనులు పోయింది చట్టం వల్ల. దృక్పథం అక్కడ చేయగలిగిందేమీ లేదు.

మరో మచ్చ కూడా ఉంది. 'ఫ్రీడమ్ ఈజ్ నాట్ ఫ్రీ'లో తన రాతలు ఎత్తేశారని రిటైర్డ్ అధికారి అమృత్‌లాల్ ఆరోపించారు. ఎన్నోచోట్ల నుంచి నోట్సు తీసుకున్నానని, అన్ని మూలాలూ గుర్తుపెట్టుకోలేకపోయానని ఖేరా సంజాయిషీ. విలువల పాఠాలు చెప్పే వక్తకు అతకని జవాబిది.

2004లో దక్షిణ ఢిల్లీ నుంచి లోక్‌సభకు ఇండిపెండెంట్‌గా నిలబడ్డారు. చదువుకున్న మధ్యతరగతి, అంటే ఆయన పాఠకులే ఎక్కువగా ఉన్న నియోజకవర్గం. బీజేపీ అభ్యర్థి విజయ్‌కుమార్ మల్హోత్రా గెలిచారు. (1999లో అక్కడే మల్హోత్రా చేతిలో మన్మోహన్‌సింగ్ కూడా ఓడారు.) ఖేరా 2008లో భారతీయ రాష్ట్రవాదీ సమానతా పార్టీ పెట్టారు. 2009లో మళ్లీ పోటీ, మళ్లీ ఓటమి. టికెట్టు కొని హాల్లో కూర్చున్నవాడు పోలింగ్ బూత్‌లో ఆయన్ని పట్టించుకోలేదు.

2010లో ఖేరా మరో పుస్తకం తెచ్చారు. పేరు 'యూ కెన్ సెల్'.