ఫోనుకూ బరాత్‌కూ ఒకటే పాట

కోరుట్లలో పెళ్లి బరాత్ పోతోందనుకోండి. వ్యాన్ మీద మనిషెత్తు డీజే బాక్సులు. దెబ్బ పడితే పక్క వీధిలో కిటికీ రెక్కలు కూడా అదురుతాయి. అదే పాటను సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) మధ్య నిలబడి ఒకాయన సెల్‌ఫోనులో వింటున్నాడు. ఆ ఫోను స్పీకరు వేలి గోరంత. చుట్టూ సాంచాల చప్పుడు. పాట రెండు చోట్లా పలకాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు వినబడే ఫోక్ డీజే పాటను కట్టేవాడికి ఇదే పెద్ద చిక్కు.

ఈ పాట అంటే జానపద బాణీ, లేదా ఆ వరుసలో కొత్తగా రాసిన మాట, దాని కింద ఎలక్ట్రానిక్ దరువు. సంగీతం కట్టేది చాలాసార్లు ఒక్కడే. ఒక గది, కంప్యూటరు, కీబోర్డు, మైకు ఉంటే పని మొదలవుతుంది. గది మోగకుండా గోడలకు బొంతలు కట్టినా సరిపోతుంది. డప్పును ఒకసారి రికార్డు చేసి, ఆ ముక్కను లూప్‌గా (మళ్లీ మళ్లీ తిరిగేలా) పెడతారు. 2025లో ఊరూరా మోగిన ‘రాను బొంబాయికి రాను’ పాటను రాము రాథోడ్ రాసి, ప్రభతో కలిసి పాడారు. సంగీతం కల్యాణ్ కీస్‌ది. కీబోర్డు పని పేరు చివర ఇంటిపేరులా చేరిపోయింది.

క్యాసెట్ల రోజుల్లో పాట బయటికి రావాలంటే హైదరాబాద్ పోయి స్టూడియో అద్దె కట్టాలి, ఒక కంపెనీ ఒప్పుకోవాలి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో శ్రీరాం శ్రీకాంత్ మొదలుపెట్టిన ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ మరో దారి చూపింది. ఊళ్లోనే తీసి, ఊరి మాటలోనే చెప్పినా లక్షల మంది చూస్తారని తేలింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా ధర పడిపోయింది. 2021లో గోదావరి అవతలి మంచిర్యాల వైపు ఒక పెళ్లికూతురు ‘బుల్లెట్టు బండి’ పాటకు ఆడిన వీడియో ఇంటింటికీ చేరింది. అప్పటి నుంచి పాట ఫోనులో పుట్టి బరాత్‌కు పోతుంది, బరాత్ వీడియోగా మళ్లీ ఫోనులోకి వస్తుంది.

ఇక చిక్కు దగ్గరికి వద్దాం. బరాత్‌లో గుండెకు తగిలే బేస్ (అడుగు స్వరం) సుమారు 55 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. హెర్ట్జ్ అంటే సెకనుకు ఒక కంపనం. ఫోను స్పీకరు 200 హెర్ట్జ్ కిందికి పోతే దాదాపు మూగబోతుంది. అయినా ఫోనులో బేస్ విన్నట్టే ఉంటుంది. ఎట్లా? సంగీతం కట్టేవాడు ఆ అడుగు స్వరాన్ని కొంచెం గరుకు చేస్తాడు. అప్పుడు దాని రెట్టింపు, మూడింతలు, ఇలా ఆరింతల దాకా స్వరాలు పుడతాయి: 110, 165, 220, 275, 330. ఫోను వీటిలో పై మూడింటిని పలికిస్తుంది. వాటి మధ్య ఎడం ఎప్పుడూ 55. మన మెదడు ఆ ఎడాన్ని పట్టుకుని, లేని 55ను తానే నింపుకుంటుంది. గరుకు ఎక్కువైతే బాక్సుల్లో పాట చెవులు కోస్తుంది, తక్కువైతే ఫోనులో బేస్ మాయమవుతుంది. అందుకే ఒక పాటను పదిసార్లు ఫోనులో, పదిసార్లు బాక్సులో విని సరిచేస్తారు. నన్నడిగితే ఈ సంగీతంలో అసలు పనితనం ఇదే. చదువుకున్న చెవులు దీన్ని ‘డీజే మోత’ అని తీసిపారేయడం నాకు బాధగా ఉంటుంది.

గొంతు సంగతి వేరు. ఆటోట్యూన్ (శ్రుతి తప్పిన స్వరాన్ని సరిచేసే సాధనం) 1997లో వచ్చింది. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ అంతకుముందు భూమిలోకి శబ్ద తరంగాలు పంపి చమురు వెతికే లెక్కల మీద పనిచేశాడు. కోరుట్ల, జగిత్యాల నుంచి ఎందరో చమురు దేశాలకు వలసపోయారు. వాళ్లు అక్కడ ఫోనులో వినే ఊరి పాటలోనూ ఆ లెక్కే ఉంది. ఈ సాధనం గొంతును పన్నెండు స్వర స్థానాల్లో దగ్గరిదానికి లాగుతుంది. మన జానపదుల గొంతు మాత్రం ఆ మెట్ల మధ్య జారుతూ నడుస్తుంది. సిరిసిల్ల జిల్లా హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గుకథ విన్నవాళ్లకు ఆ జారుడు తెలుసు. సాధనాన్ని గట్టిగా బిగిస్తే జారుడు మెట్లుగా విరిగిపోతుంది. వదులుగా పెడితే గొంతు బతుకుతుంది. చేయి తిరిగినవాడు పల్లవికి బిగించి, చరణంలో వదిలేస్తాడు.

ఇలా గదిలో రికార్డు చేసి పాట కట్టడం వల్ల బతుకులూ మారుతున్నాయి. ఒక డప్పు ముక్క వంద పాటల్లో తిరిగితే వాయించినవాడికి కూలి ఒక్కసారే వస్తుంది. పాటది ఇంకా సున్నితమైన విషయం. ఎవరు కట్టారో తెలియని జానపద పాటను ఎవరైనా పాడుకోవచ్చు. కానీ రికార్డు చేసినవాళ్లకు ఆ రికార్డింగు మీద చట్టం 60 ఏళ్ల హక్కు ఇస్తుంది. నాట్లేసేటప్పుడు ఆ పాటను పాడి వినిపించిన అవ్వకు ఏ కాగితమూ ఉండదు. కొన్ని పాటల కింద ‘సేకరణ’ అని ఒక వరుస కనిపిస్తుంది. అందులో సేకరించినవాళ్ల పేరు ఉంటుంది. దాని పక్కనే పాడి వినిపించిన మనిషి పేరు, ఊరు కూడా రాయొచ్చు. అందుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు.