పిండి కొట్టినది ఎవరు?

మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో కొత్తగా చేరిన అబ్బాయి మా మేడమీద గదిలో అద్దెకుంటున్నాడు. వాళ్ళది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మొన్న శనివారం పొద్దుటే కళ్ళు ఎర్రగా చేసుకొని కిందికి వచ్చాడు. "మా టీమ్ లీడ్ నిన్న ఒక పని అప్పజెప్పి, ఇది పీస్ ఆఫ్ కేక్, గంటలో అయిపోతుంది అన్నాడు అంకుల్. తెల్లవార్లూ కూర్చున్నా కాలేదు. నేను ఈ ఉద్యోగానికి పనికిరానేమో" అన్నాడు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టాము. ఆ మాట మీదనే చాలాసేపు మాట్లాడుకొన్నాము.

కేకు ముక్క తినడమెంత తేలికో పని అంత తేలిక అని దాని భావం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ వైమానిక దళంవారి నోట ఈ మాట బాగా నలిగింది. దానికి చుట్టం వంటి 'కేక్‌వాక్' కథ వేరు. 19వ శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల తోటలలో నల్లజాతి బానిసలు దొరల డాబు నడకను అనుకరిస్తూ జంటలుగా ఆడిన నాట్యమది. బాగా ఆడిన జంటకు కేకు బహుమానం. పగలంతా వెట్టిచాకిరీ చేసినవారి ఆట పేరు తేలిక పనికి గుర్తయిపోవడం మాకు వింతగానే ఉంటుంది.

మన మాటలు చూడండి. "అది నాకు కొట్టిన పిండి" అంటాము. మరి ఆ పిండి కొట్టినది ఎవరు? మిల్లులు రాకముందు బియ్యం నానబోసి, నీరు ఓడ్చి, తడి ఆరకముందే రోట్లో పోసి రోకలితో దంచేవారు. ఇద్దరు ఆడవారు ఎదురెదురుగా నిలబడి పోటు మీద పోటు వేసేవారు. జల్లించగా జల్లెడలో మిగిలిన నూక మళ్ళీ రోట్లోకే. క్రిస్మస్ అరిసెలకు పిండి దంచిన పెద్దవారు మీ ఇంట్లో ఉంటే అడగండి, అరచేతుల బొబ్బల సంగతి చెబుతారు.

'వెన్నతో పెట్టిన విద్య' కూడా అంతే. వెన్నముద్దలు తినే వయసునుండి ఎవరో ఓపికగా నేర్పిన విద్య అది. ఇక 'మంచినీళ్ళ ప్రాయం' అనే మాట, వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూచే మా వీధివారి దగ్గర అనకపోవడమే మంచిది!

మాకు అన్నిటికన్న ఇష్టమైనది 'నల్లేరు మీద బండి నడక'. నల్లేరు నాలుగు పలకల కాడలతో, కణుపు కణుపుగా నేలమీద, కంచెలమీద పాకే తీగ. లేత కాడలతో పచ్చడి చేస్తారు. ఇనుప కమ్మీ వేసిన బండిచక్రం రాతినేల మీద ఎముకలు కదిలేట్లు కుదుపుతుంది. నల్లేరు దట్టంగా అల్లుకొన్నచోట మాత్రం మెత్తగా సాగిపోతుంది. ఆ కుదుపు ఎరిగినవారికే ఈ మాట విలువ తెలుస్తుంది.

దుర్గం చెరువు ఒడ్డున మిగిలిన గుండ్లను చూస్తే మాదాపూర్ ఎటువంటి నేలో అర్థమవుతుంది. ఆ రాళ్ళ వయసు సుమారు 250 కోట్ల ఏండ్లు. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. అంతకుముందు ఆ చుట్టుపక్కల రాళ్ళగుట్టలే ఎక్కువ. వాటిని పగలగొట్టి, కంకర పరచి, రోడ్డు వేసిన కూలీలున్నారు గనుకనే మా అబ్బాయి ఎక్కే కంపెనీ బస్సు కుదుపు లేకుండా పోతున్నది.

సోమవారం సాయంత్రం అతడు మళ్ళీ వచ్చాడు. ధైర్యం చేసి ఆ టీమ్ లీడ్‌నే పక్కన కూర్చుని చూపించమని అడిగాడట. ఆయన అరగంటలో చేసి చూపించాడు. "మీకు మొదటిసారి ఎంతసేపు పట్టింది సార్?" అని ఇతడు అడిగితే, కాసేపు ఆలోచించి, "తొమ్మిది రోజులు" అన్నాడట.